జివ్వుమన్న చోటు

నా కుడిచేతి మణికట్టు మీద ఇప్పటికీ ఒక తెల్లటి గీత ఉంది. కొండాపూర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో గోంగూర పచ్చడి సీసా సింకులో పగిలినప్పుడు పడిందది. గాజుపెంకు చర్మంతో ఆగకుండా లోపలి నరాన్ని కూడా తెంపేసింది. అప్పటికి నా కూతురికి పాకడం కూడా రాదు.

నరం కుట్టిన డాక్టరు చెప్పింది నాకు మొదట బుర్రకెక్కలేదు. ఒకే నరంలో రెండు పనులు నడుస్తాయట. మెదడు చెప్పింది కిందికి దిగి కండరాలకు చేరుతుంది. వేలికి తగిలింది పైకెక్కి మెదడుకు చేరుతుంది. వేళ్లను ముడిచే కండరాలు తెగిన చోటికి పైన, ముంజేతిలోనే ఉంటాయి కాబట్టి వేళ్లు ముడుచుకుంటూనే ఉన్నాయి. బొటనవేలు మాత్రం సగం మొరాయించింది. స్పర్శ సంగతి వేరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ మొద్దుబారిపోయాయి. గ్లాసును చూస్తూ పట్టుకుంటే నిలిచేది. టీవీలో ధర్నా వార్తల వైపు చూపు తిప్పానా, జారి భళ్లున పడేది. గట్టిగా పట్టిందో వదులుగా పట్టిందో తనకే తెలియకపోతే చెయ్యి మాత్రం ఏం చేస్తుంది పాపం!

గ్లాసులు పోతే పోయాయి. నా ఏడుపంతా పాప చెంప గురించే. ఎడమచేత్తో తాకితే వెచ్చగా, మెత్తగా ఉండేది. కుడిచేతి ఆ మూడు వేళ్లతో తాకితే ఏమీ ఉండేది కాదు. బిడ్డ నా ఒళ్లోనే ఉన్నా ఎక్కడో ఊళ్లో వదిలేసి వచ్చినట్టు బెంగ. ఎడమచెయ్యి ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదిరేది కాదు. నాకు నా కుడిచెయ్యే కావాలి.

మా కడప వైపు పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, బకెట్లో వేళ్లు పెట్టి వేడి చూసుకుని పోస్తాం. ఒక ఉదయం పాపను ఇంటి యజమానురాలి చేతికిచ్చి, కాగిన నీళ్లు బకెట్లో పోసి, మాటల్లో పడి అలవాటు కొద్దీ కుడిచేతి ఆ మూడు వేళ్ల కొసలే ముంచాను. వేడి తగల్లేదు. సరిపోయాయనుకుని బిడ్డను ఇమ్మని ఎడమచెయ్యి చాపబోయాను.

"ఏందే పిల్లా, పొగలెల్తున్నయి, కనవడ్తలేదా!" అని ఆవిడ నా చెయ్యి బయటికి లాగేసింది.

వేళ్లు ఎర్రగా కందాయి, సాయంత్రానికి బొబ్బలెక్కాయి. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదనే కూర్చుని ఏడ్చాను.

ఆవిడ కొండాపూర్ ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లోనే అక్కడ పుట్టింది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ రోజు నుంచి పాపకు నీళ్లు పోసే పని ఆవిడే తీసుకుంది. తడి ఒళ్లు జారకుండా ఆ చేతులు పట్టుకునే తీరు గడపలో కూర్చుని చూసేదాన్ని. కుళ్లుకునేదాన్ని కూడా. ఎందుకు దాచాలి?

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బందులతో ఫిజియోథెరపీకి వెళ్లడం కుదరలేదు. పెద్దమ్మ రోజూ మెళ్లో గులాబీ కండువాతో, రోడ్డు మీదే వండుకుని తింటూ నిరసన తెలిపే వంటావార్పుకు వెళ్లేది. ఇంట్లో రాజకీయాలెత్తొద్దని మా ఆయన నాకు గట్టిగా చెప్పాడు. కానీ ఇంటికి రాగానే ఆవిడే వచ్చి నా చెయ్యి ఒళ్లో పెట్టుకునేది. కుట్టిన చోటి నుంచి వేళ్ల వైపు వేలితో చిన్నగా కొట్టుకుంటూ పోవాలి. నరం ఎక్కడిదాకా మొలిచిందో అక్కడ తట్టగానే కరెంటు కొట్టినట్టు వేళ్లలోకి జివ్వుమంటుంది. నెలకు అంగుళం నడిస్తే గొప్పని డాక్టరు ముందే చెప్పాడు.

"ఈడ?"

"లేదు."

"ఈడ?"

"అబ్బా! ఉంది, ఉంది!"

"మొన్నటికంటె జర ముందుకొచ్చింది. కడప నరం గదా, మొండిది, ఆగుతదా!"

"చూస్తాండు పెద్దమ్మా, మీ తెలంగాణ కంటే నా వేలే ముందొస్తుంది."

"రెండూ రావాలె బిడ్డా. నీది నీకు, మాది మాకు."

"వచ్చినాక మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంటావా?"

నవ్వుతూనే అడిగాను గానీ ఆ భయం నాకు నిజంగానే ఉండేది. ఆవిడ తట్టడం ఆపింది.

"నీ చెయ్యి నా ఒళ్లె వెట్టి గట్ల అడుగుతవేందే?" అంది. కోపంగానే అంది. మర్నాడు మళ్లీ వచ్చింది.

నరం చివరికి వేళ్ల కొసలకు చేరింది, కానీ తిన్నగా చేరలేదు. చూపుడువేలు గిల్లితే మధ్యవేలు చురుక్కుమనేది. కొత్త పోగులు కొన్ని పక్కవేలి దారి పట్టాయట. ఏది ఎక్కడిదో మెదడు మళ్లీ నేర్చుకోవాలన్నాడు డాక్టరు. కళ్లు మూసుకుని బియ్యం, దూది, గోనెపట్టా ఒక్కొక్కటీ తడిమి చెప్పడం నా చదువు. తప్పు చెప్పినప్పుడల్లా చిర్రెత్తుకొచ్చేది. ఆ చదువులోనే చాలా కాలం గడిచిపోయింది.

దూదిని దూదిగా గుర్తుపట్టిన రోజు ఒక్క పరుగున బయటికి వచ్చాను. పెద్దమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. నా కూతురు ఊరేగింపుల్లో విన్న జై తెలంగాణ అని అరుస్తూ చెప్పుల్లేకుండా గేటు దగ్గర గెంతుతోంది. దాన్ని పట్టుకుని, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి చెంప మీద పెట్టాను.

అన్నీ తెలిశాయి. చెమట తెలిసింది. అంటుకున్న ఇసుక తెలిసింది. చర్మం కింద గట్టిపడిన దవడ ఎముక తెలిసింది.

"అబ్బ, వదులమ్మా!" అని అది విదిలించుకుని గేటు వైపు పరుగెత్తింది.

నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పెద్దమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచింది.

"తెలిసిందా బిడ్డా?"

"తెలిసింది పెద్దమ్మా," అన్నాను. "పెద్దదైపోయింది."