సంపెంగకు ఎర్రమట్టి

ఎక్కడ సంపెంగ వాసన వచ్చినా నాకు తాండూరులో మా పెరడే గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు అమ్మ వికారాబాదులోని పుట్టింటి నుంచి తెచ్చి అక్కడ నాటిన సంపెంగ మొక్క ఆకులు పాలిపోయాయి.

"సున్నపురాయి నేల ఇది. ఈడ సంపెంగ బతకదు, ఊకో," అన్నాడు బాపు.

"అయితే మట్టే మారుస్త," అంది అమ్మ.

పెద్ద గుంత తవ్వింది. పుట్టింటికి పోయినప్పుడల్లా పొగబండిలో ఎర్రమట్టి మోసుకొచ్చి, గుంత నిండాక మొక్కను అందులోకి మార్చింది. మొక్క అమ్మమ్మ మీద బెంగపెట్టుకుందనుకొని, నేను రోజూ దాని పక్కన కూర్చొని, "అమ్మమ్మ మంచిగున్నది, ఏడ్వకు," అని చెప్పేదాన్ని. సున్నపు నేల సంపెంగకు పడదని పెద్దయ్యాకే అర్థమైంది.

వానలు పడ్డాక ఆకులు పచ్చబడ్డాయి. కొన్నేళ్లకు తొలి పువ్వు పూస్తే, అమ్మ కొప్పులో పెట్టుకొని బాపు ముందు నుంచే నడిచింది. బాపు పార తీసుకొని, ఇంకో మొక్కకు గుంత తవ్వడం మొదలుపెట్టాడు.