దేవుడికొకటి, మెషీన్‌కొకటి

తన్నితే గానీ లేవనివి మా వీధిలో రెండుండేవి. ఒకటి పైడమ్మక్క ఇంట్లోని పాత కంప్యూటర్, రెండోది నేను. నిన్న దేవుడి అలమరా తుడుస్తుంటే, పసుపు వాసనతో ఒక నల్ల ఫ్లాపీ డిస్కు చేతికి తగిలింది. కంప్యూటర్ తుక్కులోకి పోయి చాలాకాలమైంది. నేనింకా నడుస్తున్నాను. ఆ ఘనత అక్కదే.

దక్షిణాఫ్రికాలోని నార్త్‌డేల్‌లో అక్కది మా పక్కిల్లు. లాయరు ఆఫీసులో టైపిస్టు. ఆఫీసువాళ్ళు పారేయబోయిన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకుంది. వాళ్ళ నాన్న భజనలు పాడేవాడు. మా వీధి పిల్లలకు తెలుగు చదవడం రాదని, ఆయన నోటితో చెబుతుంటే అక్క ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి దాచింది. తెల్లవాళ్ళ పాలన పోయి మేమందరం మొదటిసారి ఓటేసిన ఏడాదే ఆ తాత పోయాడు. ఆయన పాటలు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు. నేను చిన్నప్పుడే బడి మానేసి చెప్పుల ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. అది మూతపడ్డాక అక్క గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేస్తుండేవాణ్ణి. ఒకరోజు లోపలికి పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది.

"నాకు సదువు లేదక్కా."

"లేకపోతే లేదు. పది వేళ్ళున్నాయి కదా, కొట్టు."

నాకప్పగించిన మొదటి పని ఎమర్జెన్సీ డిస్కు. ఖాళీ ఫ్లాపీని ఫార్మాట్ చేసి, మెషీన్ లేస్తూనే చదువుకునే ఫైళ్ళను దానిమీదికి ఎక్కించాలి. లోపలి హార్డ్ డిస్కు మొరాయించిన రోజు ఈ ఫ్లాపీతో మెషీన్‌ను లేపొచ్చు.

"బాగున్నోడికి పాడె కడతావేటక్కా?" అన్నాను.

"పాడె కాదురా, నిచ్చెన. నూతిలో పడ్డాక నిచ్చెన సెయ్యలేవు."

నా చేత్తో చేసిన మొదటి వస్తువని అమ్మకు చూపించడానికి ఇంటికి తీసుకెళ్ళాను. కొత్త వస్తువేదైనా పసుపు కుంకుమ పెట్టందే మా ఇంట్లో వాడరు. కారు స్టీరింగుకైనా అంతే. అమ్మ దాన్ని దేవుడి ముందుంచి కర్పూరం వెలిగించింది. మర్నాడు తిరిగి అక్కకిచ్చేశాను.

తాత సంవత్సరీకం వారం ఉందనగా కంప్యూటర్ లేవలేదు. ఫ్లాపీ పెట్టాం. డ్రైవు గరగరమని మూలిగి ఊరుకుంది. అక్క బయటికి తీసి, అంచునున్న రేకుమూత జరిపింది. లోపలి నల్లటి పొర మీద పసుపు ఎండి అట్టకట్టింది. పైపైన పెడితే దేవుడికి తెలీదనుకుందో ఏమో, మా అమ్మ మూత జరిపి అసలు ముఖానికే బొట్టు పెట్టింది.

అమ్మ గుమ్మంలోనే ఉంది. "నానే పెట్టినాను అమ్మీ, మంచి జరగాలని."

"మంచిదే పిన్నీ. ఇది దేవుడికే ఉండనీ. మెషీన్‌కి ఇంకోటి సేస్తాం."

"తాత పాటలు పోయినట్టేనా?" అన్నాను. నాకా క్షణాన ఒక్క జోకూ తట్టలేదు.

"ఐకోనా, కానే కాదు. పోయినాయని నువ్వు సూసినావా? పెట్టె లేవలేదు, అంతే. సొక్కా తొడుక్కో."

డ్రైవులో అంటిన పసుపును స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి, నన్ను కోంబీ వ్యాను ఎక్కించింది. ఎస్ట్‌కోర్ట్‌లో ఆమె మరిది దుకాణంలో అదే రకం మెషీనుంది, కొత్త డిస్కు దానిమీద చెయ్యాలి. అక్కడ అక్క చేతులు కట్టుకుని నిలబడింది. కొట్టింది నేనే. తప్పు అక్షరం పడ్డప్పుడల్లా దగ్గింది, చెయ్యి మాత్రం పెట్టలేదు. అయిపోయిందని లేవబోతే కాలరు పట్టుకుంది.

"లేపి సూడు."

ఆ మెషీన్ ఆర్పి, ఫ్లాపీ పెట్టి, మళ్ళీ వేశాను. తెర మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. అప్పుడుగానీ అక్క ఫ్లాపీ మూలనున్న చిన్న మీట జరపలేదు. దానివల్ల ఇక దానిమీద ఎవరూ ఏమీ రాయలేరు. పసుపు మాట అమ్మతో తర్వాత మాట్లాడతానంది.

ఇంటికొచ్చి మా పెట్టెలో పెడితే లేచింది. తాత పాటలన్నీ ఉన్నాయి. ముందు వాటిని రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించాం, ఆ తర్వాతే టీ తాగాం. మొదటి పాట మొదటి చరణం నేను కూడబలుక్కుని చదివాను. అక్షరం ముక్క రాని అమ్మ రెండో చరణం నుంచి అందుకుని పాడేసింది. సంవత్సరీకం రోజు పిల్లలు కాగితాలు పట్టుకుని ఆమె వెనకాల పాడారు.

తర్వాత కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుతెరువయింది. ఇప్పటికీ ఏదైనా రెండు చేస్తాను, రెండూ లేపి చూస్తాను. కొత్త మెషీనుకు పసుపు కూడా పెడతాను, పెట్టె మీద.

ఆ రోజు సంవత్సరీకం అయ్యాక గిన్నెలు కడుగుతూ అక్కతో అన్నాను: "అక్కా, నాకూ ఒక డిస్కు సేసి పెట్టు. రేపు నాను పడిపోతే లేపడానికి."

"నిన్ను లేపడానికి సీపురుందిరా. అవి కూడా రెండున్నాయి."