బండలు కొట్టే పని

ఆదోనిలో నేను తొమ్మిదో క్లాసు చదివే ఆ రోజుల్లో, డెబ్బైల చివర, ఫస్టు ర్యాంకువాడికి రెండే దారులు: డాక్టరు, లేదంటే ఇంజనీరు. రాళ్లనూ మట్టినీ చదివి జీతం తీసుకునే ఉద్యోగం ఒకటుందని ఊరుకాని ఊరి నుంచి ఒక సారు వచ్చి చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. అన్ని రకాల ఇళ్ల పిల్లలూ ఈ చదువుకు రావాలని ఆయన ఆశ. ఎండాకాలం సెలవుల్లో ఒకరిని పది రోజులు తనూ తన భార్యా (ఆమెదీ అదే ఉద్యోగం) వెంటబెట్టుకుని కొండలన్నీ తిప్పి చూపిస్తామన్నాడు. ఆ ఒకరు నేనేనని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

సారు బల్ల మీద మట్టిగడ్డలు పరిచి, ఏది ఏదో చెప్పమన్నాడు. నేను పుస్తకంలోని నేలల రకాలన్నీ గడగడా అప్పజెప్పాను. అప్పుడు వెనక బెంచీ నుంచి గడ్డపార లేచింది. (వాళ్ల నాయన దేవనకొండ పక్క పల్లెల్లో బావులు తవ్వే కూలి. ఆ పిల్లకు ఆ పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే.) ఒక గడ్డను నాలుక కొసకు తాకించుకుని, "ఇది సౌడు సార్. ఈ మట్టి ఉన్నకాడ బావి తవ్వితే ఉప్పునీళ్లే పడతాయి" అంది. సారు ఆమెనే ఎంచుకున్నాడు. నాకు కుళ్లుతో అన్నం సయించలేదు. ఆ సాయంత్రం పెరట్లోని మట్టి నేనూ నాకి చూశాను. మట్టిలాగే ఉంది.

వారం తిరక్కుండానే వాళ్ల నాయన పంపనన్నాడని కబురొచ్చింది. ఫస్టు ర్యాంకువాడు చెబితే వింటాడని సైన్సు అయ్యవారు, నచ్చజెప్పమని నన్నే వాళ్ల ఊరికి పంపాడు. వాళ్ల నాయన ఒప్పుకోకపోతే సీటు నాది. ఒప్పుకోకూడదని బస్సులో దారి పొడుగునా మంత్రాలయం స్వామికి మొక్కుకున్నాను.

వాళ్ల ఇంటి పక్కనే సగం తవ్విన బావి గట్టున కూర్చుని ఉన్నాడాయన. "కుర్చీలో కూసునే పని మరిగితే, బిడ్డ మళ్లా మాతో కలుస్తాదాప్పా? ఇంతకూ ఏం పని అది?" అనడిగాడు.

దొరికిందిరా సందు అనుకున్నాను. "కుర్చీ యాడిదప్పా. సుత్తి పట్టుకోని ఎండలో బండలు కొట్టాల, గుంతలు తవ్వాల. అంతే" అన్నాను, వీలైనంత హీనంగా.

ఆయన మొహం విప్పారింది. "అంటే మన పనే గదప్పా. ఆ ముక్క ఎవురూ సెప్పకపోతిరి. అట్లయితే పోనీలే" అన్నాడు. గడ్డపార లోపలి నుంచి చెంబు నిండా మజ్జిగ తెచ్చిచ్చింది. అంత పుల్లటి మజ్జిగ నేనెన్నడూ తాగలేదు.

పదేళ్లకు, నేను ఎమ్మిగనూరులో అయ్యవారుగా ఉండగా, ఆమె ఆఫీసరై మా బడికి వచ్చి, ఈ చదువు గురించి పిల్లలకు చెప్పింది. పిల్లలు నా క్లాసులో ఏనాడూ అంత బుద్ధిగా కూర్చోలేదు (అదొక మంట). చివర్న నన్ను చూపించి, "మా నాయన్ను ఒప్పించింది ఈ సారే. ఆ పొద్దు ఈయన రాకపోయింటే నేను ఈడ ఉండేదాన్ని కాదు" అంది. నిజం చెప్పేద్దామని లేచాను. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి, "ఏదో, నాకు చేతనైంది" అని గొణిగి కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల బతుకులో నేను ఒకరికి చేసిన పెద్ద మేలు అదొక్కటే, అదీ ఓర్వలేక చేసింది.