గోడ దాటిన బంతి

మా చిన్నమ్మాయి ఉండే అపార్ట్‌మెంటు పక్కనే ఒక గోల్ఫు మైదానం ఉంది. పొద్దున నడకకని నన్ను ఆ కంచె వెంబడి తీసుకుపోతుంది. నడక అనేది దాని మాట. నా వరకు అది రెండు బెంచీల మధ్య ప్రయాణం. మొన్న రెండో బెంచీ దగ్గర కొత్తగా ఒక బోర్డు కనిపించింది. అరవై దాటిన సభ్యులకు ఆటలో ప్రత్యేక నియమాలట. కళ్ళద్దాలు సవరించుకుని మొత్తం చదివాను. నీళ్ళగుంటలో పడితే ఇలా, పూలమొక్కల్లో పడితే అలా అని వరసగా ఉన్నాయి. చదివి పైకే నవ్వేశాను. "ఏమైందమ్మా?" అని అమ్మాయి కంగారుపడింది. ఈ వయసులో ఒంటరిగా నవ్వితే పిల్లలకు భయం. ఇట్లాంటి బోర్డు ఒకటి నేనూ రాశాను, నల్ల రేకు మీద తెల్ల పెయింటుతో, దేవరకొండలో, అని చెప్పాను. దేవరకొండలో గోల్ఫా అంది. నిజమే, ఎవరు మాత్రం నమ్ముతారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. దేవరకొండ బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చి మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. మామ నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. సికింద్రాబాదులో ఉన్న రోజుల్లో ఏ దొర దగ్గరో ఈ ఆట అంటించుకున్నాడు. చలిజ్వరమైనా తగ్గింది గానీ ఇది తగ్గలేదని మా అత్తమ్మ అనేది. రిటైరై వచ్చాక ఖిలా గుట్ట కింద పశువులు మేసే బంచరాయిలో ఏడు గుంతలు తవ్వించి, ఒక్కో గుంతలో ఒక్కో డాల్డా డబ్బా పాతించి, దానికి క్లబ్బు అని పేరు పెట్టాడు. సభ్యులు నలుగురు. మామ, పని నుంచి దిగిపోయిన ఒక తహసీల్దారు, ఒక హెడ్మాస్టరు, తాలూకా దవాఖానలో చాలా ఏళ్ళు చేసిన డాక్టర్ సాబ్. నలుగురి వయసూ కలిపితే ఖిలా వయసు అవుతుందని ఊళ్ళో హాస్యం. ఆ ఆటను ఊరు "ముసలోళ్ళ చిర్రగోనె" అనేది, అంటే కర్రాబిళ్ళ. వానలు పోతే గడ్డి నిలవని నేల కాబట్టి గుంతల చుట్టూ ఇసుక పోసి, అందులో లారీల పాడైన ఇంజనాయిలు కలిపి నున్నగా చేశారు. ఆదివారం ఆడి వచ్చిన మామ ధోతికి అంటిన నూనె మరకలు వదిలించడానికి అత్తమ్మకు సోమవారమంతా పట్టేది. మరక వదిలేది కాదు, అత్తమ్మ నోరూ ఆగేది కాదు.

పెద్ద క్లబ్బుల నియమాలు ఆ రాళ్ళకూ ముళ్ళకూ సరిపోవు. అందుకని నలుగురూ కూర్చుని సొంతంగా కట్టుకున్నారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని రాసే పని నాకు పడింది. ఒక్కో నియమానికి ఒక్కో ఆదివారం వాదులాడేవారు. మేకల మంద అడ్డం వస్తే అది పోయేదాకా ఆగాలి. మందతో పాటు బంతి కూడా పోతే తప్పు మేకది, ఆటగాడిది కాదు. నాగజెముడు పొదలో పడితే చేయి పెట్టరాదు, ఇంకో బంతి వేసుకోవాలి. ఆయాసం వచ్చినవాడు ఆట మొత్తంలో ఒక్కసారి కర్ర వదిలి చేత్తో విసరవచ్చు. ఎన్ని దెబ్బలు కొట్టాడో మరిచిపోయినవాడికి పక్కవాడి మాటే ఖాయం. ఈ చివరిది తహసీల్దారు గారి కోసం పెట్టింది. ఆయన మరపు ఎప్పుడూ తక్కువ వైపే ఉండేది.

ఆరో నియమం ఒక్కటి వాదన లేకుండా వచ్చింది. చెప్పింది డాక్టర్ సాబ్. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి, ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు, నన్ను బేటీ అనేవాడు. "నాలుగో గుంత కాడ ఎడమ దిక్కు గోడ దాటిన బంతి పోయినట్టే. ఎవ్వరు ఎతకొద్దు" అన్నాడు. మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలలు ఊపారు. నేను రాశాను.

ఆ గోడ అవతల ఒక పాడుబడ్డ గూడెం ఉండేది, పదకొండు ఇళ్ళు. నేను ఉద్యోగానికి రాకముందు, పదేళ్ళ పైమాటే, అక్కడ గత్తర తగిలిందట. కలరాను మా వైపు గత్తర అంటారు. ఆ తర్వాత ఎవరూ ఆ గూడెంలో కాలు పెట్టలేదు. కప్పులు కూలాయి, మట్టిగోడలు వానకు కరిగాయి, తుమ్మచెట్లు ఇళ్ళ మధ్యకు వచ్చాయి. మందలు తోలుకుపోయేవాళ్ళు కూడా గోడ కనిపించగానే దారి మార్చేవారు. మనుషులు లేని ఆ గూడెంలోంచి అప్పుడప్పుడు సాయంత్రం పూట పొగ లేస్తుందని మా బడి పిల్లలు చెప్పేవారు. దయ్యాలు లేవు, పొగమంచును చూసి పొగ అనుకుంటున్నారు అని నేను వాళ్ళకు సైన్సు పాఠం చెప్పాను. దేవరకొండ ఎండల్లో పొగమంచు ఎక్కడిదని ఒక పిల్ల అడిగింది. కూర్చోమన్నాను.

డాక్టర్ సాబ్ ఆటలో ఒక విచిత్రం ఉండేది. ఆరు గుంతల దగ్గర బంతి చెప్పినట్టు వినేది. నెలకొక ఆదివారం మాత్రం నాలుగో గుంత దగ్గరికి రాగానే ఎడమకు పోయేది, గోడ దాటేది. అక్కడ కొట్టడానికి ముందు జేబులోంచి కొత్త బంతి తీసి, కాపీ పెన్సిల్ నాలుకకు తగిలించి, దాని మీద ఉర్దూలో ఏదో రాసేవాడు. ఎవరి బంతి వాళ్ళు గుర్తుపట్టడానికి అందరూ పేరు రాసుకునేవారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. "డాక్టర్ సాబ్‌కు నాలుగో గుంత కాడ పక్షవాతమొస్తది" అని తహసీల్దారు ఆటపట్టించేవాడు. ఆయన చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు ఎప్పుడూ నచ్చేది కాదు, ఎందుకో అప్పుడు తెలియదు.

ఒక ఎండాకాలం బంతులకు కటకట వచ్చింది. సికింద్రాబాదు నుంచి తెచ్చిపెట్టే ఆయనకు బదిలీ అయింది. నలుగురికి మూడు బంతులు మిగిలాయి. వచ్చే నెల క్లబ్బు మూసేయాలని మామ అన్నం ముందు కూర్చుని పెళ్ళి చెడినవాడిలా మొహం పెట్టాడు. నాకు జాలి వేసింది, దానితో పాటు పంతులమ్మ గర్వం కూడా లేచింది. గోడ అవతల డాక్టర్ సాబ్ బంతులే బోలెడు ఉండాలి కదా. దయ్యాలు లేవని పిల్లలకు చెప్పేదాన్ని నేను భయపడితే ఎట్లా. నేను రాసిన నియమాన్ని నేనే తప్పి, ఒక ఆదివారం మధ్యాహ్నం బుట్ట పట్టుకుని గోడ దాటాను.

బంతులు తుమ్మచెట్ల కింద, రాళ్ళ సందుల్లో పడి ఉంటాయని అనుకున్నాను. అట్లా లేవు. ఇళ్ళు కూలినా బండరాతి గడపలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ప్రతి గడప మీదా తెల్లగా ఒక బంతి ఉంది. కొన్ని గడపల మీద రెండు. ఎవరో ఏరి, తుడిచి, దొర్లిపోకుండా చిన్న రాయి అడ్డం పెట్టి మరీ ఉంచారు. ఆ క్షణంలో వెనక్కి వచ్చేసి ఉండాల్సింది. కానీ భయపడ్డానని ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. గబగబా పదిహేడు బంతులూ బుట్టలో వేసుకున్నాను. చివరి గడప దగ్గర ఇంకా వేడి ఆరని పొయ్యి రాళ్ళు కనిపించాయి. పరుగెత్తాను.

సాయంత్రం నలుగురూ మొదటి గుంత దగ్గర పందిరి కింద టీ తాగుతుండగా బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను. మామ మొహం వెలిగిపోయింది. ఒక బంతి తీసి పంచెతో తుడిచి, ఉర్దూ చదివిన తరం మనిషి కదా, మీద రాసింది చదివాడు. అది డాక్టర్ సాబ్ పేరు కాదు. ఇంకోటి తీశాడు, అది మరో పేరు. మూడోది ఆడమనిషి పేరు. నాలుగోది చదవకుండా కింద పెట్టాడు. ఆ పేర్లు ఇక్కడ రాయను. వాళ్ళ తాలూకు మనుషులు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు.

డాక్టర్ సాబ్ టీ సాసరు బల్ల మీద పెట్టేశాడు. "ఏడ దొరికినయి బేటీ?" అని అడిగాడు. గూడెంలో, గడపల మీద అని చెప్పాను. "గడపల మీదనా" అని తనలో తాను అనుకుని, "అంటే, వాళ్ళు తీసుకోలే. వాపస్ పంపిన్రు" అన్నాడు. నేనే ఏరుకొచ్చానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. అంత మర్యాదస్తుడు మా ముందు కన్నీళ్ళు తుడుచుకోలేదు, వాటిని అట్లాగే కారనిచ్చాడు. అప్పుడు చెప్పాడు. గత్తర సంవత్సరం ఆ గూడెం దారికి ముళ్ళకంప కొట్టించింది తానే. రోగం ఊళ్ళోకి రావొద్దని కాపలా పెట్టాడు. మూడు రోజుల్లో మందు తెస్తానని గోడ దగ్గర నిలబడి మాట ఇచ్చాడు. మందు వచ్చింది గానీ ఈలోగా ఊళ్ళో పెద్దవాళ్ళ ఇళ్ళల్లో కూడా రోగం కనిపించింది, అక్కడ చిక్కుకుపోయాడు. "తొమ్మిదో దినం పోయిన. గోడ కాడ నిలవడ్డ. లోపల చప్పుడు లేదు. మళ్ళొచ్చిన. సచ్చినోళ్ళ పేర్లు మాత్రం ఊళ్ళె అడిగి కాయిదంల రాసి సర్కారుకు పంపిన." కాగితంలో రాసిన పేర్లే నెలకొక ఆదివారం ఒక్కొక్కటిగా బంతి మీద రాసి గోడ దాటించాడు. లోపలికి పోయే ధైర్యం లేని మనిషి అంతకన్నా ఏం చేయగలడు.

మామ లేచి బుట్ట తన చేతికి తీసుకున్నాడు. "డాక్టర్ సాబ్, పొద్దింక ఉన్నది. పోదాం పాండ్రి" అన్నాడు. నలుగురు ముసలివాళ్ళూ నేనూ నాలుగో గుంత దాకా నడిచాం. గోడ దగ్గర డాక్టర్ సాబ్ ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడో తెలియదు, ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి నా భుజం పట్టుకుని గోడ మీద నుంచి కాలు వేశాడు. మిగతావాళ్ళు బయటే ఉండిపోయారు. బుట్ట నాకు ఇచ్చారు.

పొయ్యి రాళ్ళున్న గడప మీద ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. పక్కన నాలుగు మేకలు. కుండలో ఏదో ఉడుకుతోంది. నా సైన్సు పాఠంలోని పొగమంచు ఆ కుండ కింది పొగేనని అప్పుడు తెలిసింది. దయ్యాన్ని చూసినా నేను అంత బెదిరేదాన్ని కాదు. ఆమె లేవలేదు. నా చేతిలోని బుట్ట చూసి, "నువ్వేనా బిడ్డా ఎత్కపోయినవు" అంది. తర్వాత ఆయన్ను చూసింది. "వచ్చినవా సారూ" అంది, నిన్న రమ్మంటే ఇవాళ వచ్చినవాణ్ణి పలకరించినట్టు. గూడెం మొత్తం మీద బతికి బయటపడింది ఆమె ఒక్కతే. కొన్నేళ్ళు అక్క దగ్గర మక్తల్‌లో ఉండి, అక్క పోయాక తిరిగి ఇక్కడికే వచ్చింది. రెండేళ్ళుగా మేకలు కాస్తూ గుట్ట మీద నుంచి ఆయన ఆట చూస్తోంది. "నువ్వే కొడుతున్నవని ఎరుకే. సారు ఏమో పంపుతుండు, ఎవలకు ఏది రావాల్నో నాకు సదువు రాకపాయె. ఇంటికొకటి చొప్పున పెట్టుకుంట వస్తున్న" అంది.

డాక్టర్ సాబ్ ఏదో చెప్పబోయాడు. ఆమే అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు సులువయ్యేది.

"తొమ్మిదోనాడు గోడ కాడికి వచ్చినవు గద సారూ. నేను గీ ఇంట్లనే పడున్న. నా కొడుక్కు ఇంక పానమున్నది. నిన్ను పిలిచిన. ఇనపడలేదా?"

లోపల చప్పుడు లేదని అరగంట కింద మాతో చెప్పిన మనిషి. అవునమ్మా, వినపడలేదు అంటే అక్కడితో అయిపోయేది. ఆమె కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నాకు అనిపించింది. ఆయన కోటు గుండీలు తడుముకున్నాడు. ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఇనపడ్డదమ్మా" అన్నాడు. "రెండుసార్లు పిలిచినవు. ఇనపడ్డది. నాకు భయమైంది."

ఒక మేక మెడలోని గంట మోగింది. అవ్వ కుండలోకి చూసింది. "గట్లనా" అంది. "నా గొంతు ఆడిదాక రాలేదేమో అనుకున్న. ఇంకింత గట్టిగ పిలిస్తే పోరడు బతుకునేమో అని ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకుంటున్న." నేను అప్పటి నుంచి ఎన్నో ఏడుపులు విన్నాను. ఆ పొడి గొంతు మాత్రం చెవిలోంచి పోలేదు.

తర్వాత ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, "ఒక్కొక్కటి సదువు సారూ" అంది. ఆయన బంతి తీసి పేరు చదివేవాడు. ఆమె ఇల్లు చూపించేది. నేను తీసుకుపోయి ఆ గడప మీద పెట్టేదాన్ని, దొర్లకుండా రాయి అడ్డం పెట్టి. పదహారు అట్లా పెట్టాం. పదిహేడోది ఆయన చదవకుండా అరచేతిలోనే పట్టుకున్నాడు. ఆమె చేయి చాచి తీసుకుంది. అక్షరాల మీద బొటనవేలు రాసుకుంటూ, "ఇది మావోనిది" అని, కొంగున కట్టుకుంది. క్షమించాను అనలేదు. ఆయన అడగనూ లేదు.

ఆ రోజు మేము గోడ దాటి వచ్చేసరికి మామా వాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడినచోటే నిలబడి ఉన్నారు. ఆ ముసలి డాక్టరు ఒక పిలుపుకు పలకడానికి అన్నేళ్ళు తీసుకున్నాడు, అయినా పలికాడు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. విని కూడా విననట్టు ఊరుకున్న పిలుపులు నాకూ ఉన్నాయి, వాటికి పలకడానికి నా దగ్గర అన్ని ఏళ్ళు లేవు.