దవడ పన్ను, శనివారం రైలు

నేను కుప్పంలో దిగింది పందొమ్మిది వందల నలభై మూడు, ఆషాఢమాసంలో. సాయంత్రం ఐదున్నర. సన్నటి వాన, ఎదురుగాలి. స్టేషనుకు రెండు మైళ్ల దూరంలో ఒక రైలు వంతెన. దానికి కాపలా మా పని. పదిమందిమి. రెండు గుడారాలు. మనిషికో రైఫిలు, యాభై తూటాలు, రెండు కంబళ్లు. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. యుద్ధమంటే ఇదేనా అని మీరడుగుతారు. నాకూ అప్పుడు అర్థం కాలేదు.

మూడో వారంలో కుడివైపు కింది దవడ పన్ను సలపడం మొదలైంది. బుగ్గ వాచి, టోపీ పట్టీ గడ్డం కింద బిగియలేదు. మా వంట సిపాయిదీ మా పుంగనూరే, మా పక్క వీధి. వాళ్ల నాన్న గిన్నెలకు కళాయి పోసేవాడు. ఈ సిపాయి లవంగం నలిపి నా పంటి మీద పెట్టేవాడు. గంటసేపు ఊరట. మళ్లీ అదే పోటు.

మంగళవారం ఉదయం స్టేషను నుంచి ఫోను వచ్చింది.

"శనివారం నాలుగింటి బండికి తొమ్మిదిమంది మద్రాసుకు. ఆడ్నించి ఓడ. వంటాయన ఈడే ఉండాల."

ఓడ ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. బర్మా వైపని అందరికీ తెలుసు.

హవల్దారు నా బుగ్గ చూశాడు. "ఈ పంటితో నిన్ను ఓడెక్కనీరప్పా. రేషను లారీ మదనపల్లెకు పోతాండాది. పీకించుకోని శుక్రవారానికి వచ్చెయ్."

వంట సిపాయి గిన్నెడు రాగి అంబలి తెచ్చాడు. "ఖాళీ కడుపుతో సూది ఏయించుకుంటే కండ్లు తిరుగుతాయి. తాగి పో."

పలమనేరు మీదుగా లారీ పుంగనూరు దాటింది. అమ్మ ఇంట్లోనే ఉండి ఉంటుంది. దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కుతానో లేదో తెలియలేదు.

బుధవారం పదకొండింటికి మదనపల్లె ఆసుపత్రిలో పన్ను పీకారు. సూది పడ్డాక దవడ నాది కాదనిపించింది. డాక్టరు పటకారుతో మూడుసార్లు అటూ ఇటూ ఊపి లాగారు. చప్పుడు తలలో వినిపించింది గానీ నొప్పి లేదు. గుంటలో దూది పెట్టి కరిచి పట్టుకోమన్నారు.

"ఈ రోజు ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. గుంటలో రక్తం గడ్డ కట్టాల. అది కదిలితే నొప్పి రెండింతలవుతుంది. రేపట్నించి గోరువెచ్చని ఉప్పునీళ్లు. అర్థమయిందా?"

తలూపాను.

ఆ సాయంత్రం ఐదింటికే వేడి ఉప్పునీళ్లు అడిగి తెచ్చుకున్నాను. నాలుగుసార్లు గట్టిగా పుక్కిలించి ఉమ్మాను. నల్లటి గడ్డ ఒకటి నేలమీద పడింది. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. మత్తులో మాట తప్పుగా విన్నానేమో. శుభ్రం చేస్తే తొందరగా మానుతుందనుకున్నానేమో. ఓడ గుర్తొచ్చిందేమో. ఒక రోజు ఒకటి నిజమనిపిస్తుంది, ఇంకో రోజు ఇంకొకటి.

శుక్రవారం జ్వరంతో కుప్పం చేరాను. దవడ బిగుసుకుని నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

"పీకినాక ఇంత నొప్పి యాల వచ్చిందప్పా?" అన్నాడు హవల్దారు.

"తెలీదు హవల్దార్ సాబ్."

కాగితంలో నా పేరు కొట్టేసి వంట సిపాయి పేరు రాశాడు. వంట సిపాయి గుడారంలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఉప్పునీళ్లు మానొద్దప్పా. వేడిగా కాదు, గోరువెచ్చగా ఉండాల సూడు," అన్నాడు. నేను చేసింది అతనికి చెప్పలేదు. శనివారం బండి వంతెన దాటుతుంటే కంబళి కింద పడుకుని ఆ చప్పుడు విన్నాను.

గుంట మానడానికి మూడు వారాలు పట్టింది. మిగతా యుద్ధమంతా కొత్తగా వచ్చిన కాపలావాళ్లతో ఆ వంతెన మీదే గడిపాను. వంట సిపాయి బర్మా నుంచి తిరిగి రాలేదు.

నలభై ఆరులో పుంగనూరు చేరాను. మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. అతని తల్లి గడప మీద కూర్చుని ఉంది. జరిగినదంతా చెప్పాను, ఉప్పునీళ్లతో సహా. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఏదీ, నోరు తెరువు నాయనా," అంది.

వీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నోరు తెరిచాను. ఆమె నా గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది. ఆ ఖాళీ చోటును చూస్తూ ఉండిపోయింది. ఏం వెతికిందో నాకు తెలియదు. ఇప్పటికీ అన్నం నములుతుంటే ఒక్కోసారి ఆమె వేళ్లు గడ్డం కింద తగులుతాయి.