ఊదు పట్టిన కొంగు

కెనడాలో, మార్కమ్‌లోని మా అమ్మాయి ఇంట్లో, నా అలమరలో, మడిచిన నూలు చీరల కింద చిన్న కాగితం పొట్లం ఒకటి ఉంది. తలుపు తీయగానే ఊదు వాసన గుప్పున వస్తుంది. అది తగిలిందంటే నాకు ఏడేళ్లు వచ్చేస్తాయి, మా అమ్మ కోట నుంచి తిరిగొచ్చే వేళవుతుంది.

అమ్మ మా ఊరి జమీందారు గారి కోటలో పని చేసేది. రాణిగారు తలంటుకున్న రోజున మూకుడులో నిప్పులు పోసి, వాటి మీద ఊదు పొడి చల్లి, వెదురు బుట్ట బోర్లించి, ఆవిడ జుట్టు దాని మీద పరిచి ఆరబెట్టాలి. ఆ తర్వాత చీరలకు పొగ పట్టించాలి. వానాకాలంలో బట్టలు ముక్కవాసన వేసే రోజుల్లో ఆ పని సాయంత్రానికి గాని తెమిలేది కాదు. ఊదు రాణిగారిదే అయినా, పొగ ఎవరినీ అడగకుండా మా అమ్మ కొంగులోకీ ఎక్కేది. దీపావళికి కోటలో పెట్టిన అరిసెను ఆ కొంగునే ముడేసి తెచ్చేది, నాకు అరిసె రుచి అంటే ఇప్పటికీ బెల్లమూ నెయ్యీ ఊదూ కలిసిన రుచి. నేను ఆ కొంగులో ముఖం దూర్చేస్తే అమ్మ నవ్వేది.

"ఏటే అలా వాసన చూస్తన్నావు? నేనేటి, మల్లిపువ్వునా?"

తన తలకు మాత్రం ఎన్నడూ పొగ వేసుకోలేదు. తడి జుట్టు అలాగే ముడేసుకుని పనిలోకి పరిగెత్తేది.

కోటవాళ్లు ఊరు వదిలి వెళ్లిన ఏడాదే అమ్మ జ్వరంతో పోయింది. అమ్మ చీరను తల కింద పెట్టుకుని పడుకునేదాన్ని, చీర చిరగక ముందే వాసన పోయింది. అమ్మకు ఫోటో లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ముఖమూ చెదిరిపోయింది. ఆ వాసన మళ్లీ ఎక్కడైనా దొరికితే దాని వెనకే ముఖం కూడా వస్తుందని నాకు ఆశ.

మొన్న అల్లుడు ఆఫీసు పని మీద ఆఫ్రికా వెళుతూ మమ్మల్నీ తీసుకెళ్లాడు. జాంజిబార్‌లో సముద్రం ఒడ్డున సుల్తానుల పాత రాజభవనం ఇప్పుడు మ్యూజియం. నేను యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చినదాన్ని, ఇంగ్లీషు కెనడా వచ్చాక కూడబలుక్కున్నదాన్ని, కాబట్టి ప్రతి వస్తువు పక్కనున్న చీటీ చదివితే గాని కదలను.

"అమ్మా, అన్నీ చదవక్కర్లేదే, క్లోజ్ చేసేస్తారు" అని మా సునీత తొందరపెడుతోంది.

ఒక గదిలో, చెక్కిన మంచం పక్కన, మట్టి ధూపపాత్ర మీద పుల్లల చట్రం కనిపించింది. అచ్చం అమ్మ బుట్టే. రాణివాసం బట్టలకు ధూపం వేసేది అని చీటీలో ఉంది. ఎవరు వేసేవారో లేదు. రెండోసారి కూడబలుక్కున్నాను, లేదు. అడ్డంగా కట్టిన తాడు మీంచి వంగి వాసన చూశాను. నేల తుడిచిన మందు వాసన, కిటికీలోంచి ఉప్పుగాలి, అంతే.

"నో టచింగ్, మామా" అంటూ కాపలా ఆవిడ దగ్గరికొచ్చింది. అక్కడ పెద్ద ఆడవాళ్లను అలా పిలుస్తారు. ఆవిడ కప్పుకున్న బట్టలోంచి ఊదు వాసన! ఆ చెంగు పట్టేసుకుని, మా అమ్మ కొంగు వాసన ఇదేనన్నాను.

"అయ్యో అమ్మా, వదులు! సారీ అండీ, సారీ" అని సునీత కంగారుపడి, నా మాట ఆవిడకు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ పకపకా నవ్వింది. శుక్రవారం నమాజు కదా, పొద్దున్నే బట్టలకు పొగ వేసుకున్నానంది.

"ఎవరి బట్టలకో అడుగు" అన్నాను.

"తన బట్టలకేనట అమ్మా."

అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ వెనక సందులోని కొట్లోనే ఈ పొట్లం కొనుక్కున్నాను.

మార్కమ్ వచ్చాక ఊదు వేద్దామంటే నిప్పులేవీ? కరెంటు పొయ్యి మీద మూకుడు కాల్చి చిటికెడు వేశాను. పొగ లేవగానే పైకప్పుకున్న అలారం ఇల్లు అదిరేలా మోగింది. సునీత టవల్ విసురుతూ బాల్కనీ తలుపు తీసేసింది, మంచుగాలి వచ్చి పొగనంతా ఊడ్చుకుపోయింది.

మనవరాలు చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చి నా కొంగులో ముఖం దూర్చింది. "అమ్మమ్మా, యూ స్మెల్ సో నైస్."

"నేనేటి, మల్లిపువ్వునా?" అన్నాను. ఎన్నేళ్లకో ఆ మాట, అదే యాసతో.

"వాట్స్ దట్?" అంది పిల్ల.

కళ్లు మూసుకుని కాసేపు చూశాను. అమ్మ గొంతు వచ్చింది, తడి జుట్టు ముడి వచ్చింది. ముఖం రాలేదు. పొట్లం మళ్లీ మడిచి చీరల కింద పెట్టేశాను.