పులివెందుల సున్నా

మొన్న మా ఆమె ఆవాలు పోసుకోవడానికి అలమారలోంచి బొటనవేలంత గాజు సీసా తీస్తే, ఒక్క దూకు దూకి లాక్కున్నాను. దూకడం అబద్ధం. మోకాళ్లు ఒప్పుకోవు కనుక కుర్చీలోంచే కేక వేశాను. "ఖాళీ సీసాకు ఇంత రభస ఏంది?" అంది. ఖాళీది కాదే, అందులో పులివెందుల ఉంది అన్నాను. ఆమె సీసాను వెలుతురుకు పట్టి చూసి, నన్నూ ఒకసారి చూసి, అక్కడే పెట్టేసి వెళ్లి ఆవాలు డబ్బాలో పోసుకుంది. ఇన్నేళ్ల కాపురంలో నా మాటల్ని ఎక్కడ వదిలేయాలో ఆమెకు బాగా తెలిసిపోయింది.

ఆ సీసా నేను ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రాన్ని ఏలిన రోజులనాటిది. ఏలడం అంటే, ప్రొద్దుటూరులో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నన్ను కొంతకాలం అక్కడికి పంపారు. జమ్మలమడుగు దారిలో చుట్టూ జొన్నచేలు, మధ్యలో ఆకాశాన్నంటే భవనం అని అందరికీ చెబుతుంటాను. నిజానికి రెండు గదులు, ఒక వసారా. ఏసీ ఉన్న గదిలో కంప్యూటర్ల ముందు మేము, స్పిరిట్ వాసన కొట్టే గదిలో మైక్రోస్కోపుల ముందు జీవశాస్త్రం వాళ్లు. మా కంప్యూటర్లు పటాల మీద రంగులు పులుముతాయి కనుక వాళ్లు మమ్మల్ని బొమ్మలోళ్లు అనేవారు. మేము వాళ్లను దోమలోళ్లు అనేవాళ్లం. వాళ్లు పట్టేవి దోమలు కాదు, అంతకంటే చిన్న నుసుమలు. అవి కుడితే గొర్రెలకు మూతి వాచి, నాలుక నీలబడి, మేత మాని చచ్చిపోతాయి. వానలు పడేలోగా ఏయే ఊళ్లలో టీకాలు ముందు వేయాలో రెండు గదులూ కలిసి తేల్చాలి. మందు అందరికీ ఒకేసారి సరిపోదు.

నాకు ఇది ఉద్యోగం ఒక్కటే కాదు. పులివెందుల దారిలో వేములలో గొర్రెలు మేపుకునే మా మేనత్త కొడుకు ముందటేడు ఆ రోగానికి సగం మంద పోగొట్టుకున్నాడు. "ఈ తూరి గూడా పోతే ఈడ నాకేం పని బావా? కువైట్ పోయి ఒంటెలు మేపుకుంటా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అప్పటికే పాస్‌పోర్టుకు ఫోటో దిగి వచ్చాడు.

పురుగుల గదికి పెద్ద ఒక డాక్టరమ్మ. ప్రొద్దుటూరు సాయిబుల పిల్ల, నాకంటే చాలా చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. ఆమె మనుషులు సాయంత్రం గొర్రెల దొడ్ల దగ్గర చిన్న దీపం, దాని కింద ఫ్యాను, ఫ్యాను కింద సీసా వేలాడదీసి, తెల్లారి సీసాలు తెచ్చేవారు. ఆమె లెక్కపెట్టి మాకు పంపేది. మేము ఆ లెక్కకు వాన, గాలి, ఎండ కలిపి కంప్యూటర్‌కు మేపితే, పటం జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎర్రగా పండింది. ఎరుపంటే రోగం వచ్చే చోటు. బండరాయి తప్ప ఏమీ లేని గుట్టలు కూడా ఎరుపే. అంతా ఎరుపైతే ఇక ముందేది, వెనకేది? కేంద్రానికి దగ్గరున్న ఊళ్ల నుంచి మొదలుపెడదామన్నారు పైవాళ్లు. అలాగైతే వేముల వంతు వచ్చేసరికి వానలు వెలిసిపోతాయి.

అప్పుడు నేను రాత్రింబవళ్లు తల బద్దలు కొట్టుకుని రహస్యం ఛేదించానని చాలా పెళ్లిళ్లలో చెప్పాను. టీ కెటిల్ వాళ్ల గదిలో ఉండేది. టీ కోసం వెళ్లాను, అంతే. వసారాలో కొళాయి దగ్గర సీసాలు కడిగి బోర్లించి ఎండబెడుతున్నారు. ఇవెక్కడివమ్మా అని డాక్టరమ్మను అడిగాను.

"అవి ఖాళీవి సార్. పులివెందుల పక్కవి. వాటిల్లో ఏమీ పడల్యా."

"పడలేదని మాకు చెప్పాల కదమ్మా?"

"లేని పురుగును మైక్రోస్కోపు కింద ఎట్ల పెట్టేది సార్? యాడెన్ని పడినాయని అడిగినారు, చెప్పినాం. యాడ పడలేదని మీరెప్పుడన్నా అడిగినారా?"

అడగలేదు. మా చేతికొచ్చిన ప్రతి సీసాలోనూ పురుగులుంటే, పాపం కంప్యూటర్ మాత్రం ఏమనుకుంటుంది? తప్పు మీదంటే మీదని టీ చల్లారేదాకా వాదించుకున్నాం. మరునాడు ఆమె నన్ను జీపెక్కించి వేములకు, సరిగ్గా మా బావ దొడ్డికే తీసుకెళ్లింది. పక్క చీనీతోటలో డ్రిప్పు పైపు కారి, ఆ నీళ్లు దొడ్డిలోకి దిగి, పేడంతా బురదైపోయింది. నా కాలు చీలమండ దాకా దిగబడింది. నుసుమలు గుడ్లు పెట్టేది అందులోనేనట. "మీ బొమ్మలో ఈ పేడ యాడుంది సార్?" అంది. బావ అంత దూరాన నిలబడి, లెక్కల సారు చెప్పు కోసం బురదలో వెతుక్కోవడం చూసి ముచ్చటపడ్డాడు.

మా బొమ్మలో పేడను చేర్చాం. వాళ్లు ఖాళీ సీసాలకూ చీటీలు అంటించడం మొదలుపెట్టారు. మొదటి ఖాళీ సీసాను డాక్టరమ్మ రెండు చేతులా పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇదో సార్, పులివెందుల సున్నా. జాగ్రత్త, ఒలికిపోతాది."

రెండు గదులూ నవ్వాయి. ఆ రోజు నుంచి మధ్య తలుపు మూయలేదు. ఏసీ గాలి అటు, స్పిరిట్ వాసన ఇటు. కొత్త పటంలో ఎరుపు ముడుచుకుపోయి, పెన్న ఒడ్డున ఒక చార, వేముల చుట్టూ కొన్ని చుక్కలు మిగిలాయి. టీకాలు ముందు అక్కడికే వెళ్లాయి. ఆ ఏడు బావ మందలో ఒక్క గొర్రె కూడా తుమ్మలేదు. తుమ్మే ఉంటాయి, చావలేదు.

బావ మమ్మల్నందరినీ భోజనానికి పిలిచాడు. పొట్టేలు మాంసం వస్తుందని పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని పోతే కోడికూర పెట్టాడు, అదీ డాక్టరమ్మ తింటుందని సాయిబు చేత కోయించి మరీ. గొర్రె ఏదప్పా అని మా గదివాడొకడు అడిగాడు. "ఇంతమంది ఇంత కష్టపడి బతికిచ్చినాంక కోసేదానికి చెయ్యెట్లొస్తాదప్పా? తిను" అని అతని సంగటి ముద్ద మీద ఇంకో గరిటె పులుసు పోశాడు. పాస్‌పోర్టు ఫోటో గోడకు అంటించి ఉంది.

ఇప్పుడు ఆ తలుపుకు ఇటువైపు ఎవరో, అటువైపు ఎవరో. సీసాను చొక్కా కొసతో తుడిచి మళ్లీ అలమారలో పెట్టాను. చీటీ మీద డాక్టరమ్మ చుట్టిన సున్నా కొంచెం వెలిసింది. రిటైరయ్యాక నాకు చాలా రోజులు ఏమీ పడని సీసాల్లాగే వస్తున్నాయి. ఒకప్పుడైతే కడిగి బోర్లించేవాణ్ణి. ఇప్పుడు వాటికీ ఒక చీటీ అంటించి ఉంచుకుంటున్నాను, అవి కూడా కలిస్తేనే కదా బతికిన కాలం లెక్క సరిపోయేది.